ఫోక్‌స్టోన్ రేవు: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాల పరిరక్షణ నా వృత్తి. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలోని ఫోక్‌స్టోన్ మాట వస్తే ఈ రంగంలో చాలామంది ఒకటే చెబుతారు: సముద్రం కింద ఫ్రాన్స్‌కు వేసిన ఛానల్ రైలు సొరంగం రేవును దెబ్బతీసింది, కళాకారులు ఊరిని గట్టెక్కించారు. రెండూ సగం నిజాలే.

అపోహ: అది అనాదిగా పెద్ద రేవు.

వాస్తవం: ఒకప్పుడది చేపలు పట్టే ఊరు. 1807లో చట్టం తెచ్చుకుని రాతి రేవు మొదలుపెట్టారు. అలలకు గులకరాళ్లు కొట్టుకొచ్చి మొగ పూడిపోయేది. కట్టిన కంపెనీ దివాలా తీసింది. 1843లో రైలొచ్చాకే దశ తిరిగింది. రైల్వే కంపెనీయే రేవును కొని, ఫ్రాన్స్‌లోని బులోన్‌కు స్టీమర్లు నడిపింది. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షలాది సైనికులు ఇక్కడే ఓడెక్కారు.

అపోహ: ఛానల్ సొరంగం తెరవగానే ఫెర్రీలు ఆగిపోయాయి.

వాస్తవం: సొరంగం తెరిచింది 1994లో. పెద్ద ఫెర్రీలు 1991 చివరికే వెళ్లిపోయాయి. పక్కనే అంతకంటే ఎంతో పెద్ద డోవర్ రేవు ఉంది, రద్దీ అటు మళ్లింది. తర్వాత బులోన్‌కు నడిచిన సీక్యాట్ అనే వేగపు ఫెర్రీ కూడా, 1999లో ఐరోపా దేశాల మధ్య డ్యూటీ-ఫ్రీ (పన్ను లేని) అమ్మకాలు రద్దయ్యాక, 2000లో ఆగింది.

అపోహ: కళాకారులు వచ్చారు, ఊరు దానంతటదే బాగుపడింది.

వాస్తవం: నన్ను బాగా ఇబ్బంది పెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మి వేరే ఊళ్లలో రెండు గోడలకు బొమ్మలేసి చేతులు దులుపుకుంటారు. ఇక్కడ వ్యాపారి రోజర్ డి హాన్ సొంత డబ్బు పెట్టారు, 2004లో రేవునే కొన్నారు. ఆయన అండతో నడిచే క్రియేటివ్ ఫోక్‌స్టోన్ అనే ధర్మసంస్థ, ఓల్డ్ హై స్ట్రీట్ చుట్టుపక్కల శిథిలమైన భవనాలు తీసుకుని, బాగుచేసి, భరించగల అద్దెకు కళాకారులకు ఇస్తోంది. మామూలుగా వీధికి పేరు రాగానే అద్దె పెరిగి, ఆ పేరు తెచ్చినవాళ్లే ఖాళీ చేయాల్సి వస్తుంది. భవనాలు సంస్థ చేతిలో ఉన్నాయి కనుక ఇక్కడ ఆ ఒత్తిడి తగ్గింది. 2008లో మొదలైన ట్రైనియల్ (మూడేళ్లకోసారి జరిగేలా తలపెట్టిన) ప్రదర్శన కళాఖండాల్లో కొన్ని వీధుల్లో శాశ్వతంగా ఉండిపోయాయి. 2009 నుంచి వేగం రైళ్లు లండన్‌కు గంటలోపే చేరుస్తున్నాయి. ఈ డబ్బు, భవనాలు, రైళ్ల పాత్ర వదిలేసి కళను మాత్రమే పొగడటం సరికాదు.

అపోహ: పరిరక్షణ అంటే ఉన్నది ఉన్నట్టు దాచడం.

వాస్తవం: 2014లో అధికారికంగా మూసేసిన హార్బర్ స్టేషన్ ప్లాట్‌ఫారాలు ఇప్పుడు నడకదారి. పట్టాల వంతెన మీదా జనం నడుస్తున్నారు. నాకు నచ్చిన పని ఇది.

ఒడ్డున లేస్తున్న ఖరీదైన అపార్టుమెంట్ల సంగతి వేరు. వాటి ఎత్తు మీద స్థానికులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, వాళ్ల వాదనలో బలముంది. ధర్మసంస్థ భవనాలున్న వీధుల్లో అద్దెల మీద ఉన్న కళ్లెం మిగతా ఊళ్లో లేదు.