గట్లు లేని పొలాల ఊరు లాక్స్‌టన్

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, నెవార్క్ పట్టణానికి వాయవ్యాన ఉన్న లాక్స్‌టన్ ఊరి భూములను క్రౌన్ ఎస్టేట్ (బ్రిటిష్ రాచరికం పేరిట ఉన్న ఆస్తులను చూసే సంస్థ) 2018లో అమ్మజూపినప్పుడు తలెత్తిన ఆందోళన ధర గురించి కాదు, అక్కడి పాత ఉమ్మడి పొలాల సేద్యపు పద్ధతి ఏమైపోతుందన్న దాని గురించి.

ఇక్కడిది బరువైన ఎర్రబంక నేల. పశ్చిమ పొలం, మిల్లు పొలం, దక్షిణ పొలం అనే మూడు విశాలమైన చేలల్లో ఒక్కో రైతు భూమి పొడవాటి చీలికలుగా చెల్లాచెదురై ఉంటుంది. మధ్యలో కంచెలు గానీ గట్లు గానీ ఉండవు. ఒక పొలంలో శీతాకాలపు గోధుమ, మరొకదానిలో వసంతకాలపు పంట వేసి, మూడోదాన్ని బీడుగా వదిలి, ఏటా ఈ వరుసను మారుస్తారు. దున్నడానికి వీల్లేని పల్లపు తేమ నేలలను 'సైక్‌లు' అంటారు. అవి గడ్డి భూములుగానే మిగిలాయి.

1625లో ఈ ఊరిని కొన్న సర్ విలియం కోర్టెన్ కోసం మార్క్ పియర్స్ 1635లో గీసిన పటంలో చీలికలు రెండు వేలకు పైగా ఉన్నాయి. నాగలి దున్నేవాళ్లనూ వేటగాళ్లనూ కూడా అందులో చిత్రించాడు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఊరూరా ఉమ్మడి పొలాలను విడగొట్టి ఎవరి భూమికి వారు కంచెలు వేసుకుంటుంటే, ఇక్కడ మాత్రం ఆ పని సగంలోనే ఆగింది. ఎర్ల్ మాన్వర్స్, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరో అనే ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరకపోవడమే కారణమని చెబుతారు. పాత పద్ధతిని నిలబెట్టింది భక్తి కన్నా పేచీయే అనుకోవాలేమో.

ఈ పద్ధతికి కాపలా 'కోర్ట్ లీట్' అనే ఊరి న్యాయసభ. గోధుమ విత్తాక, నవంబరు చివర, జ్యూరీ రైతులు ఆ పొలమంతా తిరిగి చీలికల హద్దుల్లో కొయ్య మేకులు దిగగొడతారు. దారిలోకో సైక్‌లోకో ఎవరి నాగలైనా చొరబడితే, తర్వాత కొద్ది రోజులకు జరిగే సభలో జరిమానా వేస్తారు. ఇంగ్లండ్‌లో మరికొన్ని చోట్ల ఉమ్మడి పొలాల ఆనవాళ్లు మిగిలాయి గానీ, న్యాయసభతో సహా నడుస్తున్నది ఇక్కడే.

ఈ పద్ధతి కొనసాగాలన్న ఉద్దేశంతోనే 1952లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఎర్ల్ మాన్వర్స్ నుంచి ఊరి భూములను కొన్నది. 1981లో అవి క్రౌన్ ఎస్టేట్ చేతికి వచ్చాయి. 2020లో వాటిని కొన్నది థోర్స్‌బీ ఎస్టేట్, అంటే మాన్వర్స్ కుటుంబం వారి పాత జమీ. 68 ఏళ్ల తర్వాత లాక్స్‌టన్ మళ్లీ ఆ గుమ్మానికే చేరింది.