ఎర్ర గులాబీకి వాసన ఎక్కడిది?

"ఏం వేస్తే మా గులాబీకి వాసన వస్తుందండీ?" మిద్దెతోట వేసుకున్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా పోదు. ఏం వేసినా రాదు. వాసన మొక్క పుట్టుకలోనే ఉండాలి. ఎరువు, ఎండ, నీళ్లు సరిగ్గా అందితే ఉన్న వాసన బాగా బయటపడుతుంది తప్ప లేనిది పుట్టుకురాదు. అందుకే ఘుమఘుమలాడే ఎర్ర గులాబీ కావాలంటే సగం పని నర్సరీలోనే తేలిపోతుంది. కడియం దాకా వెళ్లినా, వీధి చివరి నర్సరీలో కొన్నా, రకం పేరు అడగండి. ఊరికే "ఎర్రది ఒకటివ్వండి" అంటే చాలావరకు చేతికొచ్చేది డచ్ గులాబీ. పొడుగు కాడ, బిగువైన మొగ్గ, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఏమీ ఉండదు.

డచ్ గులాబీని తిట్టి లాభం లేదు, దాన్ని తయారుచేసిందే వేరే పనికి. హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో కోసిన పువ్వు కోల్డ్ స్టోరేజీలో ఉండి, విమానం కూడా ఎక్కి, చివరికి పెళ్లి స్టేజీ మీద వాడిపోకుండా నిలవాలి. దశాబ్దాలుగా ఆ గుణాలు చూసి మొక్కల్ని ఏరుకుంటూ వచ్చారు. వాసన ఎవరి లెక్కలోనూ లేదు, అది మెల్లగా జారిపోయింది. పైగా ఆ పూలను మొగ్గగా ఉన్నప్పుడే కోస్తారు, గులాబీలో వాసన జోరుగా తయారయ్యేదేమో రేకులు విచ్చుకునే వేళ.

సరే, ఏ పేర్లు అడగాలి? చైనా టీ గులాబీల నాజూకు మొగ్గనూ, మళ్లీ మళ్లీ పూసే గుణాన్నీ ఐరోపా గులాబీల గట్టిదనంతో కలిపితే వచ్చినవి హైబ్రిడ్ టీలు. 1867లో ఫ్రాన్సులో గియో అనే గులాబీల పెంపకందారు తెచ్చిన 'లా ఫ్రాన్స్'ను వీటిలో మొదటిదిగా లెక్కిస్తారు, కానీ అది లేత పింక్ పువ్వు. ముదురు ఎరుపు, గట్టి వాసన రెండూ ఉన్న రకంగా బాగా పేరు తెచ్చుకున్నది 'క్రిమ్సన్ గ్లోరీ', 1935లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ కోర్డెస్ తయారుచేశాడు. 1952లో అమెరికాలో వచ్చిన 'క్రైస్లర్ ఇంపీరియల్' పుట్టుక తీస్తే తల్లి వైపూ తండ్రి వైపూ ఈ క్రిమ్సన్ గ్లోరీయే కనిపిస్తుంది. ఆ క్రైస్లర్ ఇంపీరియల్‌ను 'చార్లెస్ మాలెరాన్' అనే మరో ముదురు ఎరుపు రకంతో సంకరం చేస్తే ఏకంగా ముగ్గురు అక్కచెల్లెళ్లు పుట్టారు. ఫ్రాన్సులో 1963లో 'పాపా మెయ్యాన్', అమెరికాలో 1964లో 'మిస్టర్ లింకన్', 'ఓక్లహోమా'. ముగ్గురికీ వాసన గట్టిదే, స్వభావాలే వేరు. ఓక్లహోమా మొగ్గ దాదాపు నల్లగా ఉంటుంది, పువ్వు బరువుకి తల వంచుతుంది. పాపా మెయ్యాన్ అందగత్తె, కానీ తెగుళ్లు పిలవకుండానే వస్తాయి. మిస్టర్ లింకన్ నిటారుగా ఎత్తు పెరుగుతుంది, మొగ్గ త్వరగా విచ్చుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్లకు నా ఓటు మిస్టర్ లింకన్‌కే.

ఈ పాపా మెయ్యాన్ వల్లే శాస్త్రవేత్తలకు ఒక చిక్కుముడి విడింది. చాలా మొక్కలు జెరానియోల్ లాంటి సువాసన పదార్థాలను టెర్పీన్ సింథేజ్ అనే రకం ఎంజైములతో తయారుచేస్తాయి, గులాబీ కూడా అలాగే చేస్తుందని అందరూ అనుకున్నారు. ఫ్రాన్సులోని సాంతెతియెన్ పరిశోధకులు పాపా మెయ్యాన్‌నూ, అంతగా వాసన లేని 'రూజ్ మెయ్యాన్'నూ పక్కపక్కన పెట్టి, ఏ జన్యువులు ఎక్కడ ఎంత పనిచేస్తున్నాయో పోల్చారు. వాసన ఉన్నదాంట్లో చురుగ్గా, లేనిదాంట్లో దాదాపు నిద్రపోతూ కనిపించిన జన్యువు ఎన్‌యుడిఎక్స్1. 2015లో బయటికొచ్చిన ఈ సంగతి చాలామందిని ఆశ్చర్యపరిచింది, ఎందుకంటే ఆ జన్యువు తయారుచేయించే ఎంజైము కుటుంబానికి కణంలో పాడైపోయిన అణువులను శుభ్రం చేసే పని ఉంటుందనే పేరు. గులాబీ ఆ పాకీపనివాణ్ణి తెచ్చి అత్తరు దుకాణంలో కూర్చోబెట్టిందన్నమాట! వాసనంతా జెరానియోల్ ఒక్కటే కాదు, ఫినైల్ ఇథనాల్, సిట్రొనెలాల్ లాంటివి ఇంకా చాలా కలుస్తాయి. అందుకే వాసన ఉన్న రెండు మొక్కల్ని కలిపినా పిల్లలన్నిటికీ వాసన వస్తుందన్న భరోసా లేదు.

వాసన తయారయ్యేది రేకు పైపొర కణాల్లో. పూర్తిగా విచ్చిన రేకు ఒకటి తీసి భూతద్దంతో చూడండి, పై వైపు మఖమల్‌లా మెత్తగా మెరుస్తుంది, వెనక వైపు వెలవెలబోతుంది. పై పొర కణాలు చిన్న చిన్న గోపురాల్లా లేచి ఉండటం వల్ల వెలుతురు వాటి మధ్య చిక్కుకుని రంగు ఇంకా ముదురుగా కనపడుతుంది. ఆ రేకు మీద ఒక చిన్న నీటిబొట్టు వేసి తలకిందులు చేయండి, గుండ్రంగా ఉంటూనే కిందపడకుండా పట్టుకుని వేలాడుతుంది. ఎరుపుకు కారణమైన సయనిడిన్ అనే రంగు పదార్థం కణరసంలో కరిగి ఉంటుంది. పువ్వు ముసలిదయ్యేకొద్దీ ఆ రసంలో ఆమ్లత తగ్గి రంగు ఊదా వైపు తిరుగుతుంది. పాత ఎర్ర రకాలు రెండు మూడు రోజులకే ఊదాగా మారితే తెగులని కంగారు పడక్కర్లేదు.

ముదురు రంగుకు ఇంకో ఇబ్బంది ఉంది. నల్లని ఎరుపు వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఏప్రిల్, మే ఎండల్లో రేకుల అంచులు మాడిపోతాయి. ఎండ ముదిరితే రేకుల సంఖ్య తగ్గుతుంది, పువ్వు చిన్నదవుతుంది, వాసన కూడా పొద్దెక్కేసరికి ఆవిరైపోతుంది. హైదరాబాదులో ఈ పూల అసలు కాలం డిసెంబరు, జనవరి. వేసవిలో మొగ్గలు గిల్లేసి, మధ్యాహ్నం నుంచి షేడ్ నెట్ నీడలో పెట్టి మొక్కను బతికించుకుంటే చాలు. మిగతా కాలంలో మాత్రం రోజుకు ఆరు గంటల ఎండ తగ్గకూడదు.

డిసెంబరులో పూలు కావాలంటే వానలు వెనకబట్టాక, అక్టోబరు రెండో సగంలో కొమ్మలు కత్తిరించాలి. చలిదేశాల వీడియోలు చూసి మోకాలి కిందకి నరికేయకండి, మన దగ్గర సగం ఎత్తు ఉంచితే సరిపోతుంది. పెన్సిల్ కన్నా సన్నగా ఉన్నవి, లోపలికి పెరుగుతున్నవి తీసేసి, బయటి వైపు చూసే కన్ను (చిగురు లేచే చోటు) మీద పావు అంగుళం వదిలి కోయండి. కోశాక కొమ్మ మధ్యలో బెండు ఏ రంగులో ఉందో చూడండి. తెల్లగా ఉంటే సరే, గోధుమరంగులో ఉంటే ఎండు తెగులు ఇంకా కిందకి పాకి ఉందని అర్థం, తెల్ల బెండు కనపడేదాకా కిందకి కోసి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్రాల మందు ముద్దగా కలిపి పూయాలి. కత్తిరించిన ఆరేడు వారాల్లో పూలు మొదలవుతాయి.

తెగుళ్లలో రెంటిని కలిపేసి ఒకే మందు కొట్టేస్తుంటారు. నల్ల మచ్చ తెగులు శిలీంధ్రానికి ఆకు మీద ఏడెనిమిది గంటలు తడి నిలవాలి, అందుకే అది వానల్లో విజృంభిస్తుంది, సాయంత్రం ఆకుల మీద పైపుతో నీళ్లు కొట్టేవాళ్ల ఇళ్లలోనూ అంతే. బూడిద తెగులు దీనికి రివర్స్, దానికి ఆకు తడవక్కర్లేదు, పొడి పగలు, చల్లని తేమ రాత్రులు ఉంటే చాలు. యూరియా ఎక్కువైన లేత చిగుళ్లంటే దానికి మహా ఇష్టం. మొగ్గలు విచ్చుకోకుండా అంచులు మాడితే ఒకటి తెంపి తెల్లకాగితం మీద దులపండి. సన్నగా, గీతల్లా పరిగెత్తేవి తామర పురుగులు.

ఎరువు సంగతికొస్తే ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి, ప్రతి విడత పూత అయ్యాక మళ్లీ గుప్పెడు. చాలామంది ఎరువనుకుని వేసే కోడిగుడ్డు పెంకులు ఏళ్ల తరబడి కరగకుండా మట్టిలో పడి ఉంటాయి, పాలు పంచదార కలిసిన టీ పిప్పి చీమల్ని పిలుస్తుంది. వీటికన్నా మీ బోరు నీళ్ల మీద దృష్టి పెట్టండి. ఉప్పు నీళ్లతో మట్టిలో క్షారం పెరిగితే ఇనుము ఉన్నా వేర్లకు అందదు, కొత్త ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చీలేటెడ్ ఐరన్, అంటే మొక్కకు తేలిగ్గా అందే రూపంలోని ఇనుము, కొడితే కోలుకుంటుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకుని పోస్తే ఇంకా మంచిది.

అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండేలా నాటండి. దాని కింద నుంచి జోరుగా లేచే కొమ్మ మీరు కొన్న గులాబీది కాదు, వేరుమొక్కది, అంటే వేర్ల కోసం కింద వాడిన వేరే గులాబీది. ఏడాకులుంటే అడవిది, ఐదాకులుంటే అసలుది అని చెబుతుంటారు కానీ అది నమ్మకండి, మంచి హైబ్రిడ్ టీలకూ ఏడాకులు వస్తాయి. మట్టి కొంచెం తవ్వి ఎక్కణ్ణుంచి లేచిందో చూడండి, అంటు కిందదైతే కత్తిరించడం కాదు, మొదట్లో పట్టుకుని ఊడబెరకండి. వదిలేస్తే ఏడాది తిరిగేసరికి మిస్టర్ లింకన్ పోయి గుత్తులు గుత్తులుగా చిన్న పూల పొద మిగులుతుంది, "నా ఎర్ర గులాబీ రంగు మారిపోయింది" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక కథ ఇదే.