చదవలేని అక్షరాలు: ఎమిగ్రే నాటి తగవు

2024 నవంబరులో జాగ్వార్ కార్ల కంపెనీ ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు కలగలిపి కొత్త లోగో విడుదల చేసింది. పేరును ఇలా రాస్తే ఎవరు చదువుతారంటూ గొడవ మొదలైంది. ఆ అమరిక మాత్రం కొత్తది కాదు. అమెరికన్ డిజైనర్ బ్రాడ్‌బరీ థాంప్సన్ 1950లోనే ప్రతిపాదించాడు. 1996లో ఫాంట్ల డిజైనర్ జుజానా లిచ్కో తన ఫిలాసోఫియా ఫాంటులో యూనికేస్ పేరుతో అలాంటి అక్షరాలే ఇచ్చింది.

 ఇలాంటి చదవలేని అక్షరాల కథలో అసలు మలుపు ఎమిగ్రే అనే డిజైన్ పత్రిక. రూడీ వాండర్‌లాన్స్, లిచ్కో దంపతులు కాలిఫోర్నియాలో నడిపిన ఈ పత్రిక మొదలైందీ, మెకింటోష్ కంప్యూటర్ వచ్చిందీ 1984లోనే. ఆ కంప్యూటర్ ముతక తెర మీద చుక్కలు పేర్చి లిచ్కో ఫాంట్లు చేసింది. పేజీలో వరుసలు ఒకదానిమీదకొకటి ఎక్కాయి.

అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు హెల్వెటికా అనే సాదా ఫాంటుతో లోగో ఇచ్చిన డిజైనర్ మాసిమో విన్యెల్లి 1991లో ఎమిగ్రే ధోరణిని సంస్కృతికి పట్టిన వక్రతగా తిట్టిపోశాడు. 1993లో డిజైన్ విమర్శకుడు స్టీవెన్ హెల్లర్ 'ఐ' అనే డిజైన్ పత్రికలో 'కల్ట్ ఆఫ్ ది అగ్లీ' (వికారాన్ని కొలిచే మతం) అనే వ్యాసం రాశాడు. అమెరికాలోని క్రాన్‌బ్రూక్ కళాశాల డిజైన్ విద్యార్థుల 'అవుట్‌పుట్' అనే చిన్న ప్రచురణ మీద పిచ్చుకపై బ్రహ్మాస్త్రం లాంటి దాడి అది. ప్రయోజనం లేని వికారం త్వరలోనే ఫ్యాషన్‌గా మిగులుతుందన్న అతని భయంలో మాత్రం పస ఉంది.

ఈ అక్షరాలు చదవలేమన్న వాదనకు జవాబు లిచ్కో 1990లోనే ఇచ్చేసింది: ఎక్కువగా చదివేదాన్నే మనం బాగా చదవగలం. ఏ అక్షరమూ పుట్టుకతోనే స్పష్టమైనది కాదు, అలవాటే దాన్ని స్పష్టం చేస్తుంది. ఇవాళ పుస్తకాల్లో కళ్లకు హాయిగా ఉండే, ఇంగ్లండ్ ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ అక్షరాలను 18వ శతాబ్దంలో కళ్లు పోగొడతాయని నిందించారు. అలా అన్న ఒక పెద్దమనిషికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చించేసిన, క్యాస్లన్ అనే మరో అక్షరాల తయారీదారు నమూనా కాగితం ఇచ్చి, ఇది బాస్కర్‌విల్‌దే చూడమన్నాడు. ఆయన అందులోనూ వరసగా తప్పులు పట్టాడు. పాపం, ఆయన పరువు పోకూడదని ఫ్రాంక్లిన్ నిజం చెప్పలేదట! ఆ బాస్కర్‌విల్ అక్షరాల్నే లిచ్కో 1996లో తిరగరాసి, బాస్కర్‌విల్ భార్య శారా ఈవ్స్ పేరు మీద మిసెస్ ఈవ్స్ అని పిలిచింది.

అదే ఏడాది ఇంకో విడ్డూరం. ఫిలాసోఫియా విడుదల పోస్టర్‌ను గీసింది ఎవరో కాదు, విన్యెల్లి. ఎవరు ఎవరి దారికి వచ్చారన్నదానిపై ఇప్పటికీ రెండు మాటలు వినిపిస్తాయి. పోస్టర్ వేయించింది ఎమిగ్రే అని మాత్రం మర్చిపోకూడదు.

2005లో 69వ సంచికతో పత్రిక ఆగిపోయింది. 2011లో న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియం తన సేకరణలోకి 23 డిజిటల్ ఫాంట్లు చేర్చుకుంటే అందులో 5 ఎమిగ్రేవే. లాండ్రీ షాపులో కనబడిన, స్టెన్సిల్‌తో అక్షరాలు గీసిన బోర్డు చూసి బ్యారీ డెక్ చేసిన టెంప్లేట్ గోథిక్ వాటిలో ఒకటి.