ఎత్తు గడిలో ఏం రాయాలి? నల్లగొండ నుంచి బీఎంఐ నేపథ్యం

మర్రిగూడ మండలంలో ఒక ఊళ్లో బీపీ, షుగర్ పరీక్షల క్యాంపు జరుగుతుంటే గంటసేపు పక్కన కూర్చున్నాను. బరువు మిషన్ దగ్గర ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు కొలిచే చోటికి ఒక పెద్దాయన వచ్చేసరికి లైను ఆగిపోయింది. గోడకు అంటించిన టేపు పక్కన ఆయన్ని నిలబెట్టి, "సక్కగ నిలబడు పెద్దయ్యా" అంది ఆశా కార్యకర్త. "సక్కగనే నిలబడ్డ బిడ్డా" అన్నాడాయన. నడుము దగ్గర నుంచి ముందుకు వంగిపోయిన మనిషి, మెడ కూడా తిరగదు. ఆమె టేపు వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూసి, ఎత్తు గడి ఖాళీగా వదిలేసింది.

ఆ గడి నిండకపోతే బీఎంఐ రాదు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతోనే గుణించగా వచ్చిన దానితో భాగిస్తే వచ్చే అంకె అది. డాక్టరు చీటీ మీద, ఇన్సూరెన్స్ ఫారం మీద, జిమ్ గోడ మీద, ప్రభుత్వ సర్వేల్లో ఇప్పుడు అదే అంకె. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి ఒళ్లు కొలిచి తయారు చేశారో తెలిస్తే ఆ ఖాళీ గడి ఎందుకు మిగిలిందో అర్థమవుతుంది.

దాన్ని మొదట పట్టుకున్నది డాక్టరు కాదు, నక్షత్రాలు చూసే మనిషి. 1796లో పుట్టిన అడాల్ఫ్ కెట్లే బెల్జియం దేశస్తుడు, బ్రస్సెల్స్ అబ్జర్వేటరీకి మూలపురుషుడు. ఒకే నక్షత్రాన్ని పదిసార్లు కొలిస్తే పది రకాలుగా వస్తుంది, ఆ కొలతలన్నీ ఒక సగటు చుట్టూ గుమిగూడతాయి. మనుషుల ఎత్తులు, బరువులు కూడా అలాగే గుమిగూడతాయా అన్నది ఆయన ప్రశ్న. 1835లో అచ్చయిన పుస్తకంలో "సగటు మనిషి" అనే ఊహను ముందుకు తెచ్చాడు. ఎదిగిన మనుషుల్లో బరువు సుమారుగా ఎత్తు వర్గానికి తగ్గట్టు ఉంటుందని గమనించింది కూడా ఆ రోజుల్లోనే. ఫలానా మనిషి లావా సన్నమా, అతనికి జబ్బు వస్తుందా రాదా అని ఆయన అడగలేదు. జనాన్ని గుంపుగా చూడటమే ఆయన పని.

ఆ తర్వాత చాలా కాలం ఈ లెక్కను వైద్యం పట్టించుకోలేదు. బరువు మీద ఆసక్తి పెంచింది అమెరికా జీవిత బీమా కంపెనీలు. ఎవరు తొందరగా చనిపోతారో వాళ్లకు డబ్బు లెక్క. మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ 1943లోనూ 1959లోనూ ఏ ఎత్తుకు ఎంత బరువుండాలో పట్టికలు వేసింది. పాలసీ కొనుక్కునే స్తోమత ఉన్నవాళ్ల లెక్కలవి.

1972లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఆ పట్టికలను పక్కన పెట్టమన్నాడు. 5 దేశాల నుంచి 7,400 మందికి పైగా మగవాళ్ల కొలతలు తీసుకుని, చర్మం కింద కొవ్వు మందంతో పోల్చి, ఉన్న సూచీల్లో కెట్లే లెక్కే మేలని తేల్చాడు. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు పెట్టింది ఆయన బృందమే. అది పూర్తిగా తృప్తికరమని మాత్రం ఆయన అనలేదు. మిగతా వాటికి తీసిపోదు, లెక్క కట్టడం సులువు, అంతే. ఆ 5 దేశాల్లో భారతదేశం లేదు. ఆడవాళ్లు ఒక్కరూ లేరు. ఇవాళ మన అంగన్‌వాడీ టీచరు, పొలంలో కూలి చేసే అక్క, పట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడు, అందరికీ వాడుతున్న కొలబద్ద పుట్టుక ఇది.

అయితే మన దేశంలో ఈ అంకె ముందుగా మోసిన భారం ఊబకాయం కాదు, ఆకలి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. 1988లో జేమ్స్, ఫెర్రో లుజ్జి, వాటర్లో అనే ముగ్గురు పోషణ శాస్త్రజ్ఞులు పెద్దవాళ్లలో దీర్ఘకాలిక శక్తి లోపాన్ని బీఎంఐతో గుర్తించే పద్ధతి ప్రతిపాదించారు. 18.5 కంటే తక్కువుంటే లోపం, 17 కంటే దిగితే మధ్యస్థం, 16 కంటే దిగితే తీవ్రం. అంతవరకూ ఆకలి అంటే పిల్లల ఎదుగుదల చార్టులే. రోజంతా రాళ్లు కొట్టే పెద్దవాళ్ల ఆకలికి ఒక అంకె దొరికింది అప్పుడే.

ఈ పనికి మన దగ్గరే పెద్ద సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పెట్టిన చిన్న కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో అందరికీ తెలిసిన ఎన్ఐఎన్ అదే. 1972లో దాని కింద జాతీయ పోషణ పర్యవేక్షణ బ్యూరో మొదలైంది. వాళ్ల బృందాలు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఏం వండారో అడిగి, మనుషులను తూచి, ఎత్తు కొలిచేవి. జొన్న రొట్టె, గటక, అంబలి తిన్న తరం, 1983లో 2 రూపాయలకు కిలో బియ్యం వచ్చాక అన్నానికి మారిన తరం, రెండూ ఆ దశాబ్దాల్లోనివే.

ఆ తర్వాత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చింది. 1998-99 విడతలో ఆడవాళ్ల బీఎంఐ, 2005-06లో మగవాళ్లది లెక్కలోకి వచ్చాయి. 2005-06లో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 35 శాతానికి పైగా 18.5 కంటే కింద ఉన్నారు. 2019-21 నాటికి అది 18.7 శాతానికి దిగింది. అదే విడతలో తెలంగాణ ఆడవాళ్లలో సుమారు 19 శాతం సన్నం, 30 శాతం బీఎంఐ 25 దాటినవాళ్లు. ఒకే వాడలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో అత్త ఒక చివర, కోడలు ఇంకో చివర.

ఈ అంకెలు అబద్ధమని నేననను. ఇవి లేకపోతే మన ఆకలి కథలు చెప్పుకోవడానికే మిగిలేవి. కానీ ఇందులోకి ఎవరు రారో కూడా చూడాలి. ఈ సర్వే కొలతలు ముందు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్లవి. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణె బస్సెక్కిన పాలమూరు లేబర్ ఆ రాత్రి ఇంట్లో ఉండడు. దేశమంతా ప్రాజెక్టులు కట్టిన ఒళ్లు సొంతూరి లెక్కలో లేకుండా పోతుంది. ఆడవాళ్లను 49 ఏళ్ల వరకు, మగవాళ్లను 54 వరకే అడుగుతారు కాబట్టి క్యాంపులో చూసిన పెద్దయ్య వయసువాళ్లు కూడా రారు.

ఇక రెండో చివర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25ను అధిక బరువుకు, 30ను ఊబకాయానికి గీతలుగా స్థిరపరిచింది. అమెరికాలోనైతే 1998 వరకు అధిక బరువు గీత మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3. దాన్ని 25కు దించిన రోజున కోట్లమంది ఒక్క గ్రాము పెరగకుండానే అధిక బరువు వాళ్లయిపోయారు. గీత ప్రకృతి గీసింది కాదు, కమిటీ గీసింది అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ గీతలు ఆసియా వాళ్లకు సరిపోవడం లేదని చెప్పినవాళ్లలో పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఒకరు. 2004లో ఆయన, లండన్‌లో పనిచేసే మిత్రుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటో పక్కపక్కన లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చొక్కా మీద సన్నగా కనిపించి లోపల కొవ్వు మోసే మన ఒంటి సంగతి ఆ ఒక్క ఫొటోతో తెలిసింది. షుగర్ వచ్చిందని చెబితే "నేను లావు లేను కదా, నాకెందుకు వచ్చింది" అని అడగని ఇల్లు నల్లగొండలో ఉందా?

అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పాత గీతలు ఉంచుతూనే ఆసియా జనాభాకు 23, 27.5 దగ్గర కూడా జాగ్రత్త పడాలన్నారు. 2009లో మన దేశ వైద్యులు 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అని ఏకాభిప్రాయానికి వచ్చారు. 160 సెంటీమీటర్లుండి 60 కిలోలు తూగే మనిషికి 23.4 వస్తుంది. సర్వే పుస్తకంలో మామూలు, మన డాక్టరు దగ్గర అధిక బరువు.

కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిన్న తిండి పెద్దయ్యాక ఒంటిని ఎలా మలుస్తుందన్న ప్రశ్నకు మన పక్క ఊళ్లే సాక్ష్యమిచ్చాయి. 1987-90లో హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో ఎన్ఐఎన్ ఒక అధ్యయనం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పోషకాహారం అందింది, 14 ఊళ్లకు అప్పటికి పథకం రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక మళ్లీ కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఒంట్లో కొవ్వు రెండు వైపులా దాదాపు ఒకటే. కానీ తిండి అందినవాళ్లలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, రక్తనాళాలు తక్కువ బిగుసుకున్నాయి. అంటే కొవ్వులో తేడా లేకుండానే లోపల తేడా ఉంది. అంగన్‌వాడీ గుడ్డు, పప్పు విలువ బరువు మిషన్ మీద కనబడేంత మాత్రమే కాదని నాకు గట్టిగా అనిపించింది ఈ ఫలితం చదివాకే.

ఊళ్లలో 30 ఏళ్లు దాటినవాళ్లకు ఆశా నింపే ఫారంలో నడుము చుట్టుకొలత అడుగుతారు. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జబ్బు ముప్పు మార్కులు పెరుగుతాయి. పొట్ట చుట్టూ చేరే కొవ్వే మనవాళ్లకు ఎక్కువ ముప్పు కాబట్టి అది మంచి ఆలోచన. 2025 జనవరిలో లాన్సెట్ నిపుణుల కమిషన్ కూడా ఇదే మాట చెప్పింది. బీఎంఐ జనాభాను చూడటానికి పనికొస్తుంది, ఒక మనిషికి ఊబకాయం జబ్బుగా ఉందో లేదో తేల్చడానికి నడుము కొలతో, కొవ్వు కొలతో తోడు కావాలి.

మళ్లీ ఆ గోడ దగ్గరికి వస్తాను. కెట్లే నుంచి కమిషన్ దాకా అందరూ ఎత్తును నమ్మారు. మనిషి నిటారుగా నిలబడతాడు అన్నది అసలు ప్రశ్నే కాలేదు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక బిగిసి వంగిపోతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. అలాంటి పేరు రావడం ఏ ఊరికీ సంతోషం కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 165 సెంటీమీటర్ల మనిషి 50 కిలోలుంటే బీఎంఐ 18.4, సన్నం. అదే మనిషి వెన్ను వంగి టేపు మీద 150 చూపిస్తే 22.2, మామూలు. ఫ్లోరైడ్ అతని ఎత్తు తినేసి, ఆకలిని దాచిపెట్టింది. ఇంకో ఇంట్లో మామూలు బరువున్న మనిషిని ఇదే లెక్క లావు చేసి, అన్నం తగ్గించమంటుంది. మునుగోడు, చండూరు, మర్రిగూడ వైపు ఇది పుస్తకంలో లెక్క కాదు, రోజూ కళ్ల ముందుండే మనుషులు.

ఎత్తు కొలవలేని వాళ్లకు వేరే దారులున్నాయి. చేతులు రెండు వైపులా చాపితే వేలి కొస నుంచి వేలి కొసకు వచ్చే కొలత దాదాపు ఎత్తంత ఉంటుంది. కానీ ఫ్లోరోసిస్‌లో మోచేతులు కూడా బిగుసుకుంటాయి, పూర్తిగా చాచలేరు. కూర్చోబెట్టి మడమ నుంచి మోకాలి దాకా కొలిచి ఎత్తు అంచనా వేయవచ్చు, కాళ్లు వంకర పోకపోతే. అన్నిటికంటే నిక్కచ్చిగా చేయగలిగింది జబ్బ చుట్టుకొలత. దానికి ఎత్తుతో పని లేదు, పిల్లలకు వాడేలాంటి చిన్న టేపు చాలు. ఫ్లోరైడ్ మండలాల ఫారాల్లో ఆ ఒక్క గడి పెట్టడం కష్టమేమీ కాదు.

2015లో చౌటుప్పల్‌లో మంచినీటి పథకం పైలాన్ లేచింది, తర్వాత నల్లాల్లోకి కృష్ణా నీళ్లు వచ్చాయి. కొత్తగా పుట్టేవాళ్ల వెన్ను కోసం అది. పాత ఎముకల్లో వంగింది నీళ్లు మారితే తిరిగి రాదు.

క్యాంపు అయ్యాక ఆశా కాగితాలు సర్దుకుంటూ, పెద్దయ్య ఫారం మళ్లీ తీసింది. ఎత్తు గడిని అలాగే ఉంచి, పక్కన ఖాళీ అంచు మీద పెన్నుతో చిన్న అక్షరాల్లో రాసింది: "నడుము వంగింది, కొలవరాలేదు."