రెసిడెంట్ ఈవిల్ గేముల్లో ఏది గొప్పది? పిల్లలకు ఒక ఉత్తరం

హనుమకొండ

పిల్లలూ,

దసరాకు వచ్చినప్పుడు, జాంబీలతో, అంటే లేచి నడిచే శవాలతో భయపెట్టే ఆ రెసిడెంట్ ఈవిల్ వీడియో గేముల్లో ఏది గొప్పదని మీ ఇద్దరూ తెగ కొట్లాడుకున్నారు. తమ్ముడేమో నాలుగు అన్నాడు, అక్కేమో ఏడు అంది. బతుకమ్మ హడావుడిలో నేను తర్వాత చెప్తానని తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నా వరుస మీ ఇద్దరికీ నచ్చదని ముందే చెప్తున్నా.

నేను చూసేది ఒక్కటే. తలుపు తీసే ముందు ఎన్ని తూటాలున్నాయో ఆ గేము నాతో లెక్క పెట్టించాలి. భూతం ఎంత వికారంగా ఉన్నా సరే, చేతిలో దండిగా తూటాలుంటే దాన్ని చూసి భయపడేదెవరు?

అందుకే నా మొదటి స్థానం 2002లో నింటెండో వాళ్ల గేమ్‌క్యూబ్ మెషీన్ మీద వచ్చిన రెసిడెంట్ ఈవిల్‌ది. అసలు గేము 1996లో ప్లేస్టేషన్ మీద వచ్చింది. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తీసింది, దర్శకుడు షింజీ మికామి. ఆయనే 2002లో దాన్ని మళ్లీ కొత్తగా కట్టాడు. కథంతా అడవి మధ్య ఒక పెద్ద బంగళాలో. మన ఊళ్లల్లో పాడుబడ్డ దొరల గడీలు చూశారు కదా, లోపలికి పోతే ఏ తలుపు ఎక్కడికి తీస్తుందో తెలియదు, అట్లాంటి ఇల్లనుకోండి. అప్పటి మెషీన్‌కు గదులన్నీ అప్పటికప్పుడు గీసే బలం లేదు. అందుకని గదుల్ని ముందే బొమ్మలుగా తయారు చేసి, కెమెరాను ఒక మూలన బిగించేశారు. దాంతో మలుపు అవతల ఏముందో కనబడదు, ఈడ్చుకుంటూ నడిచే అడుగుల చప్పుడు మాత్రం వినబడుతుంది. తలుపు మెల్లగా తెరుచుకునే బొమ్మ కూడా డిస్కు లోడయ్యే టైము కోసం పెట్టిందే. ఆ కాసేపట్లోనే మాకు చెమటలు పట్టేవి.

అప్పట్లో చౌరస్తా దగ్గర గంటల లెక్కన ఆడించే పార్లర్‌లో ఆడేవాళ్లం. సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దొరకాలి, దానికి ఇంకు రిబ్బన్ ఉండాలి. ఆ రిబ్బనేమో సంచిలో ఒక అర ఆక్రమిస్తుంది. మనం ఆడించే ఇద్దరిలో క్రిస్‌కు ఉన్నవి ఆరు అరలే, జిల్‌కు ఎనిమిది. రిబ్బన్ దాచుకుందామని సేవ్ చేయకుండా ముందుకు పోతే, కరెంటు పోయిందా, ఇక అంతే సంగతులు. గేములో జాంబీలకంటే ఆ కోతలకే ఎక్కువ భయపడ్డాం.

2002 దాంట్లో మికామి ఇంకో మెలిక పెట్టాడు. చంపిన జాంబీని కాల్చకుండానో, తల ఎగరగొట్టకుండానో వదిలేస్తే, అది కొంతసేపటికి ఎర్రబడి లేచి పరిగెత్తుకుంటూ వస్తుంది. కాల్చడానికి కిరోసిన్ మోయాలి, దానికీ ఒక అర కావాలి. పాతవాళ్లను ఆటపట్టించడం కూడా మరిచిపోలేదు. పాత గేములో ఒక వరండాలో కిటికీలు పగలగొట్టుకుని కుక్కలు దూకుతాయి. కొత్తదాంట్లో మొదటిసారి పోతే అద్దం పగుళ్లు మాత్రమే ఇస్తుంది, కుక్క రాదు. హమ్మయ్య అనుకుని, దాని ముచ్చటే మరిచిపోయాక దూకుతుంది!

రెండో స్థానం 2019లో వచ్చిన రెండో భాగానికి. 1998లో హిదేకి కమియా దర్శకత్వంలో వచ్చిన గేమును మళ్లీ తీశారు. పోలీస్ స్టేషన్‌లో మిస్టర్ ఎక్స్ అనే ఆజానుబాహుడు మీ వెంట పడతాడు. మీరు మేడ కింద ఉంటే పైన ధన్, ధన్ అని వాడి బూట్ల చప్పుడు. తుపాకీ పేలిస్తే విని అటే వస్తాడు. అంటే తూటా పోవడమే కాదు, వాడికి కబురు పంపినట్టు కూడా. కిటికీలకు చెక్కలు కొట్టాలా వద్దా, కొడితే ఏ కిటికీకి కొట్టాలి, ఇదంతా లెక్కే. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడితేనే దాని సంగతి తెలుస్తుంది.

మూడోది 2005 నాటి నాలుగో భాగం. తమ్ముడూ, అలగకు. గేముగా చూస్తే అన్నిటికంటే బాగా కట్టింది అదే. భుజం వెనక కెమెరా పెట్టి, తర్వాత వచ్చిన ఎన్నో గేములకు దారి చూపింది. గురి పెట్టినప్పుడు కాలు కదపడానికి వీల్లేదు కాబట్టి, రంపం పట్టుకుని ఒకడు మీదికి వస్తుంటే పారిపోవాలా కాల్చాలా ఏదో ఒకటి తేల్చుకోవాలి. మీరు బాగా ఆడుతుంటే చడీచప్పుడు లేకుండా కష్టం పెంచుతుంది, తడబడుతుంటే తగ్గిస్తుంది. కానీ సగం దాటాక మీ పెట్టె నిండా ఆయుధాలే. అక్కడే నాకు భయం తగ్గింది. 2023లో వచ్చిన కొత్తదాంట్లో నడుస్తూ కాల్చొచ్చు, కత్తి మాత్రం వాడేకొద్దీ అరిగిపోతుంది. ఆ అరుగుదల నాకు బాగా నచ్చింది.

అక్కా, నీ ఏడో భాగం నాలుగో స్థానంలో ఉంది. 2017లో అది రాకపోతే ఈ సిరీస్ దారి తప్పినట్టే ఉండేది. మన కళ్లతోనే చూస్తున్నట్టు ఆడించడం, అమెరికాలోని లూసియానాలో ఆ బేకర్ కుటుంబం ఇల్లు, అంతా బాగుంది. చివర్లో ఓడలోకి తీసుకుపోయి నీరుగార్చారు, అంతే.

2021 నాటి ఎనిమిదో భాగం విలేజ్‌లో కోట, ఆ పొడుగు దొరసాని గురించే అందరూ మాట్లాడతారు. నేనైతే బొమ్మల ఇల్లే గొప్పదంటాను. అక్కడ తుపాకులన్నీ లాక్కుని ఉత్త చేతులతో నడిపిస్తారు. మిగతా గేమంతా అట్లా లేదు కాబట్టి అయిదో స్థానం.

మూడో భాగం 1999దే ఆడండి. 2020లో మళ్లీ తీసినప్పుడు గడియారం గోపురం లోపల తిరిగే భాగమే కోసేశారు. అయిదో భాగం ఇద్దరు కలిసి ఆడటానికి సరదాగా ఉంటుంది కానీ భయం లేదు, ఆఫ్రికా జనాన్ని చూపించిన తీరు మీద అప్పుడే విమర్శలొచ్చాయి. అవి న్యాయమైనవే. 2012 నాటి ఆరోది అట్టడుగున. నాలుగు కథలు, ఎటు చూసినా పేలుళ్లు, లెక్క పెట్టడానికి ఏమీ లేదు.

తమ్ముడూ, వీటి మీద అమెరికాలో పదిహేడేళ్ల ముద్ర, యూరప్‌లో చాలావాటి మీద పద్దెనిమిదేళ్ల ముద్ర ఉంటుంది. రక్తం అంతగా చూపిస్తారు మరి. నువ్వు ఇంకా పదో తరగతే కాబట్టి ఆగు, మీ అమ్మతో నేను గొడవ పడలేను. అక్క మొదలుపెట్టొచ్చు. 2002 గేమును 2015లో పీసీకి కూడా తెచ్చారు, నా కంప్యూటర్‌లో ఉంది. సంక్రాంతికి వస్తే కూర్చోబెడతాను. జిల్‌తో మొదలుపెట్టు, ఆమెకు తాళాలు తీయడం కూడా వచ్చు. క్రిస్ సంగతి తర్వాత చూద్దాం.

మీ
పెద్దబాపు