గ్రంథాలయ ప్రచార వీడియోలు: అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయ, కళాశాల గ్రంథాలయాల కోసం వినోదాత్మకమైన వీడియోలు తీద్దామన్నప్పుడల్లా కొన్ని సంకోచాలూ, కొన్ని మితిమీరిన నమ్మకాలూ ఎదురవుతాయి. ఒక ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తూ తరచుగా వింటున్న వాటిని ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: హాస్యం చేరిస్తే గ్రంథాలయ గౌరవం తగ్గుతుంది.

వాస్తవం: అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ బి. లీ గ్రంథాలయం 2010లో, అప్పట్లో విపరీతంగా ప్రచారం పొందిన ఓల్డ్ స్పైస్ అనే పురుషుల సౌందర్య సాధనాల బ్రాండు వాణిజ్య ప్రకటనకు పేరడీగా ఒక వీడియో విడుదల చేయగా, దానిని లక్షలాది మంది చూశారు. అదే సంవత్సరం వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ఇన్ఫర్మేషన్ స్కూల్ విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పాప్ గాయని లేడీ గాగా పాట బాణీలో కేటలాగ్ (గ్రంథాలయంలోని పుస్తకాల వివరాల జాబితా) గురించి పాడారు. వీటిలో అనుకరణకు గురైనవి ప్రకటన ధోరణి, పాట బాణీ మాత్రమే. చదువును గానీ, చదివేవారిని గానీ ఎవరూ చులకన చేయలేదు. గౌరవానికి నిజంగా భంగం కలిగేది, కేటలాగ్‌లో వెతకడం తెలియని విద్యార్థిని తెలివితక్కువవాడిగా చూపి నవ్వించినప్పుడే. అటువంటి సన్నివేశం ఎంత బాగా పండినా స్క్రిప్టులోంచి తీసివేయాలని నా అభిప్రాయం.

అపోహ: గ్రంథాలయంలో ఉన్న సమస్తమూ ఒకే వీడియోలో చూపాలి.

వాస్తవం: భవనం, బీరువాలు, పుస్తకాల సంఖ్య, ప్రిన్సిపాల్ గారి సందేశం వరుసగా చూపే వీడియో తనిఖీ బృందానికి ఉపయోగపడుతుందేమో గానీ, విద్యార్థికి దానితో పని లేదు. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ‘లైబ్రరీ మినిట్’ పేరుతో నిమిషం నిడివి గల వీడియోల వరుసను రూపొందించి, ఒక్కో దానిలో ఒక్కో విషయాన్నే చెప్పాయి. పాఠకుని సమయం ఆదా చేయమని, భారతీయ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో తన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో చెప్పిన నాలుగో సూత్రం వీడియోలకూ వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2025 జనవరి నుంచి అమలులో ఉన్న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం వల్ల ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు వేల సంఖ్యలో జర్నల్స్ (పరిశోధన పత్రికలు) అందుబాటులోకి వచ్చినా, ఆ సంగతి తెలియనివారే మా దగ్గర ఎక్కువ. ఈ ఒక్క విషయం మీదే ఇలా ఒక వీడియో తీయవచ్చు: హాస్టల్ గదిలో ప్రాజెక్టు రిపోర్టు రాసుకుంటున్న విద్యార్థికి ఒక పరిశోధన వ్యాసం తెరుచుకోకుండా డబ్బు అడుగుతుంది; అతడు జేబులు తడుముకుని, గదిగదికీ తిరిగి అప్పు అడుగుతాడు; చివరకు ఒక సీనియర్ మంచం మీంచి లేవకుండానే ఫోన్ అందుకుని, కళాశాల లాగిన్ ద్వారా అదే వ్యాసాన్ని తెరిచి ఇస్తాడు. నవ్వు పుట్టించేది అప్పు అడిగే ఘట్టమైనా, గుర్తుండవలసింది లాగిన్ దృశ్యం కాబట్టి అక్కడ సంభాషణ ఆపి, ఫోన్ తెరను నిండుగా, చదువుకోవడానికి చాలినంతసేపు చూపాలి.

అపోహ: ఖరీదైన కెమెరా, డ్రోన్ లేనిదే వీడియో బాగుండదు.

వాస్తవం: మంచి ఫోన్ చాలు. రీడింగ్ హాల్లో ఫ్యాన్ల హోరు మాటలను మింగేస్తుంది కనుక, ఉన్న కొద్దిపాటి డబ్బును కాలర్ మైకు మీద వెచ్చించాలి. ధ్వని ఆపి చూసేవారి కోసం, వినికిడి లోపం ఉన్నవారి కోసం తెలుగు సబ్‌టైటిల్స్ తప్పనిసరి.

అపోహ: విద్యాసంస్థ కాబట్టి సినిమా పాటలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధనా సందర్భాలకు కొన్ని మినహాయింపులు ఇచ్చినా, ప్రచార వీడియోను బోధనగా పరిగణిస్తారని భరోసా లేదు, పేరడీ అనే మాట ఆ సెక్షన్‌లో లేనే లేదు. పైగా యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ వ్యవస్థ పాటను దానంతటదే గుర్తిస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ సంగీతమో, మన విద్యార్థులే కట్టిన బాణీయో వాడుకోవడం మేలు.

అపోహ: వ్యూస్ ఎక్కువైతే వీడియో విజయవంతమైనట్లే.

వాస్తవం: ప్రపంచమంతా చూసి మన విద్యార్థి ఒక్కడూ లాగిన్ కాకపోతే గ్రంథాలయానికి ఒరిగేదేమీ లేదు. ప్రాజెక్టు రివ్యూలకు ముందు వారంలో తరగతి వాట్సాప్ గ్రూపుల్లో వీడియో పెట్టి, ఆ తరువాత కొత్త లాగిన్లు పెరిగాయో లేదో, రిఫరెన్స్ డెస్క్ (పాఠకుల సందేహాలు తీర్చే బల్ల) దగ్గర ఏ ప్రశ్నలు వస్తున్నాయో నమోదు చేయాలి. వీడియోలో చెప్పిన విషయాన్నే విద్యార్థులు మళ్లీ వచ్చి అడుగుతుంటే, ఆ భాగం వారికి అర్థం కాలేదని గ్రహించి, దాన్ని మాత్రమే తిరిగి చిత్రీకరించాలి.