ఫిరాయింపుల కేసులు ఎందుకు తేలవు? 1992 తీర్పు దగ్గరికి వెళ్లాలి

తెలంగాణలో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్ళారంటున్న 10 మంది ఎమ్మెల్యేల గొడవ మళ్ళీ రాజుకుంది కాబట్టి దీని వెనక కథ ఒకసారి చెప్పుకోవాలి. ఆయారాం గయారాం, 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించెయ్యడం, ఎమ్మెల్యేల క్యాంపులు, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఆ తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే పార్లమెంటు రాజ్యాంగ 52వ సవరణ పాస్ చేసి పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, తెచ్చింది. అప్పటిదాకా మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీ అన్న మాటే లేదు, ఆ మాట మొదటిసారి వచ్చింది ఈ చట్టంతోనే. పార్టీ టికెట్ మీద గెలిచినోడు పార్టీ మారితే పదవి పోతుంది, పోయిందో లేదో తేల్చేది స్పీకర్.

నా లెక్కలో అసలు మలుపు 1985 కాదు, ఈ చట్టం చెల్లుతుందా అన్న కిహోతో హొలోహన్ కేసులో 1992లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఐదుగురు జడ్జిలు, 3-2. స్పీకర్‌కి ఆ అధికారం ఉండొచ్చు, ఆయన నిర్ణయం తప్పనిపిస్తే కోర్టుకి రావచ్చు, కానీ నిర్ణయం వచ్చాకే రావాలి అని ముగ్గురు అన్నారు. ఆ "వచ్చాకే" అన్న ఒక్క మాట చూడండి. స్పీకర్ అసలు నిర్ణయమే తీసుకోకపోతే? జస్టిస్ లలిత్ మోహన్ శర్మ, జస్టిస్ జె.ఎస్. వర్మ ఒప్పుకోలేదు. స్పీకర్ కుర్చీ సభలో మెజారిటీ ఉన్నవాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది, అలాంటాయన అదే మెజారిటీకి సంబంధించిన తగువు ఎలా తీరుస్తారు, మిగతా అనర్హత కేసుల్లో రాష్ట్రపతో గవర్నరో ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని తేలుస్తున్నారు కదా అన్నారు. వాళ్ళు ఇద్దరే, ఓడిపోయారు.

ఆ తర్వాత మన రెండు రాష్ట్రాల్లో జరిగింది చూస్తే ఆ ఇద్దరి మాటే నిజమైంది. 2014లో టీడీపీ టికెట్ మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ అదే ఏడాది టీఆర్ఎస్ (తర్వాత బీఆర్ఎస్ అయింది) కేబినెట్‌లో మంత్రి అయ్యారు, రాజీనామా ఇచ్చానన్నారు, అది ఆమోదం పొందకుండానే టర్మ్ గడిచిపోయింది. ఏపీలో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్తే 2017 ఏప్రిల్‌లో నలుగురు మంత్రులు కూడా అయ్యారు, చర్య తీసుకోలేదని వైసీపీ సభనే బహిష్కరించింది. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనం (అలా అయితే పదవి పోదు) అని లెటర్ ఇస్తే మాత్రం అదే రోజు ఓకే అయిపోయింది. అంటే స్పీకర్ ఆఫీసులో ఫైలు స్పీడ్‌గా కదలగలదు, ఎవరికి లాభం అన్నదాన్ని బట్టి. ఇప్పుడు కోర్టుకెక్కిన బీఆర్ఎస్ వాళ్ళు అప్పుడు చేసింది కూడా ఇదే, ఆ మాట చెప్పకుండా వాళ్ళ బాధ గురించి మాట్లాడకూడదు. కానీ వాళ్ళ ఇప్పటి వాదనలో బలం ఉంది. 2023 నవంబర్ ఎన్నికల్లో ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ కారు గుర్తు మీద గెలిచిన దానం నాగేందర్ 2024 మేలో సికింద్రాబాద్ లోక్‌సభకి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు, ఖైరతాబాద్ కూడా ఆ లోక్‌సభ సీటు కిందకే వస్తుంది, అంటే అదే ఓటర్ల దగ్గరికి ఆర్నెల్లలో వేరే గుర్తుతో వచ్చారు. మేం పార్టీ మారలేదు, నియోజకవర్గం పనుల కోసం సీఎంని కలిశాం అన్నది మిగతావాళ్ళ మాట.

2020లో మణిపూర్ ఫిరాయింపు కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి పిటిషన్లని స్పీకర్లు మామూలుగా 3 నెలల్లో తేల్చాలంది. 2025 జులై 31న తెలంగాణ స్పీకర్‌కి కూడా 3 నెలలే ఇచ్చింది, ఆ గడువు దాటిపోయింది, కోర్టు ధిక్కారం నోటీసు వచ్చింది, డిసెంబర్ 17న ఆ పది మందిలో ఐదుగురి మీద పిటిషన్లని స్పీకర్ ఆధారాల్లేవని కొట్టేశారు. ఆ ఐదుగురిలో దానం లేరు. జులై తీర్పులోనే ఇంకో మాట ఉంది, ఈ పని స్పీకర్ల చేతిలోనే ఉంచాలా అని పార్లమెంటు ఆలోచించుకోవాలని. అంతకు 33 ఏళ్ల ముందు ఆ ఇద్దరు జడ్జిలు అడిగింది ఇదే.